అంచు పొంటి

ఆ వానకాలం మేము నాలుగు గుట్టలెక్కాము. అంతకుముందు నేనెక్కిన ఎత్తైన చోటంటే సిరిసిల్లలో మా బాపు కట్టిన డాబా ఒక్కటే. మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని. నేల చదునుగానే ఉంటుందని నా కాళ్లకు నమ్మకం.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డ మరునాడు మా ఆయన సుధాకర్ మంచిర్యాల బజారుకు పోయి నాకొక జత బూట్లు, నారింజ రంగు రైన్‌కోటు తెచ్చాడు. కళ్లు జిగేలుమనే రంగు. రోడ్డు పని చేసేవాళ్లు తొడుక్కుంటారే, ఆ రంగు.

"ఆదివారం గుట్టకు పోదాం," అన్నాడు.

"ఏ గుట్టకు? జాతరున్నదా?"

"జాతర లేదు, ఏం లేదు. ఉత్తగ ఎక్కి దిగుదాం."

సుధాకర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు, తవ్విన మట్టిని దిబ్బ మీద పోసి వచ్చే పెద్ద లారీ. పదకొండేళ్ల సర్వీసు. గుట్టలెక్కే పిచ్చి పెళ్లికి ముందు నుంచీ ఉంది. ప్రతి వానకాలం సెలవు రోజుల్లో ఓంప్రకాశ్ అనే స్నేహితుడితో కలిసి పోయేవాడు. ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు.

"ఓంప్రకాశ్ అన్న రాడా?" అని అడిగాను.

"వాడు వేరే గనికి బదిలీ మీద పోయిండు," అన్నాడు. ఇంకేమీ అడగొద్దన్నట్టు బూట్ల డబ్బా మూత పెట్టేశాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో తన సరదాల్లోకి నన్ను పిలవడం అదే మొదటిసారి. నేను సంబరపడ్డాను. నస్పూర్‌లో మాకు ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో అత్తమ్మ శంకరవ్వ, రెండో తరగతి చదివే మా బిడ్డ రుచిత, మేమిద్దరం. ఇద్దరమే ఎక్కడికైనా పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను.

మొదటి ఆదివారం గాంధారి ఖిల్లాకు పోయాము. స్కూటీ నన్నే నడపమన్నాడు. గుట్ట కింద బండి ఆపి చెట్లలోకి దిగగానే నన్ను ముందుకు తోశాడు.

"కొత్తోళ్లు ముంగట నడవాలె. నేను ఎనక ఉంట."

"నాకు తొవ్వ తెల్వదు గదా."

"నేను చెప్త. నువ్వు రాయి ఉంటే రాయి అను. గుంత ఉంటే గుంత అను. ఎడమ దిక్కు పల్లం ఉంటే ఎడమ అను. మనసుల అనుడు కాదు, నాకు ఇనబడాలె."

"నువ్వు చూస్తలేవా?"

"నీకు అలవాటు కావాలె గదనే."

వాన లేదు. ఉక్కపోత. అయినా ఆ నారింజ రైన్‌కోటు విప్పనివ్వలేదు. నేను రాయి, గుంత, ఎడమ అని బడిపిల్లలా చెప్పుకుంటూ ఎక్కాను. ఐదడుగుల వెనుక అతని బూట్ల చప్పుడు నా అడుగు పడ్డచోటే పడేది. పైకి చేరి, దూరంగా పొగమంచులో బొగ్గు గనుల మట్టి దిబ్బలు చూసినప్పుడు నా గుండె ఉప్పొంగింది. నాకు నడక నేర్పుతున్నాడని, నా వెనుక కాపలాగా వచ్చాడని అనుకున్నాను. ఆ రాత్రి కాళ్లు నొప్పులు పుడుతుంటే కూడా నవ్వుకుంటూ పడుకున్నాను.

జులైలో నిర్మల్ ఘాట్ పక్క గుట్టల మీదికి పోయాము. అక్కడ మొదటిసారి నాకు భయం వేసింది.

పైన చదునైన కాలిబాట ఉంది. మధ్యలో రెండెడ్లు పక్కపక్కన నడవొచ్చు. సుధాకర్ మాత్రం బాట వదిలి లోయ వైపు అంచుకు పోయాడు. కింద టేకు చెట్ల నెత్తులు కనిపిస్తున్నాయి. అంచు రాళ్ల మీద ఒక్కో అడుగు వేస్తూ నడుస్తున్నాడు. రోడ్డు దాటేవాడిలా తల ఎడమకు తిప్పుతాడు, కుడికి తిప్పుతాడు, ఒక అడుగు వేస్తాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్క.

"ఇంత బాట ఉండంగ గా అంచు పొంటి ఎందుకు?"

"మజా," అన్నాడు.

ఆ మొహంలో మజా లేదు. చెమటలు పట్టి, దవడ బిగించి, పరీక్ష రాస్తున్నవాడిలా ఉన్నాడు. మూడింటికి మబ్బు కమ్మింది. అంతే, ఉన్నపళంగా దిగుదామన్నాడు. నా రైన్‌కోటు వెనుక అంచు పట్టుకున్నాడు. దిగినంతసేపూ వదలలేదు. జారుతుందని నన్ను పట్టుకున్నాడనుకున్నాను. కింద రోడ్డు మీదికి వచ్చాక చూస్తే అతని రెండు మోకాటి చిప్పల కింద చర్మం లేచిపోయి ఉంది. నా కాళ్లకు ఒక్క గీతా లేదు.

మా బాపు సాంబయ్య, నడుస్తున్న మగ్గం మీద తెగిన పోగు ఎక్కడుందో వాకిట్లో నిలబడి చెప్పేవాడు. ఆ కన్ను నాకొచ్చిందని అందరితో అనేవాడు. ఆ వానకాలం ఆ కన్ను ఏమైందో నాకు తెలియదు. ఇంట్లో అన్నీ కళ్లముందే జరిగాయి. తలుపు పక్కన పెట్టిన నీళ్ల బిందెను వారానికి రెండుసార్లు తన్నేవాడు. చాయ్ గ్లాసు అందిస్తే చెయ్యి దాని పక్క నుంచి పోయేది. అత్తమ్మ సాయంత్రం ఐదు కొట్టకముందే ఇంట్లో లైట్లన్నీ వేసేది, అతని దారిలో ఉన్న పీటలూ చెప్పులూ ఏరి గోడవారకు పెట్టేది. పెద్దతనం చాదస్తం అనుకునేదాన్ని. రుచిత అయితే, వాళ్ల నాన్న గడపలో అడుగుపెట్టగానే నేల మీద నుంచి అరిచేది.

"డాడీ, నేనిక్కడున్న."

ముద్దుగా పిలుస్తోందనుకున్నాను. రెండుసార్లు అతని కాలి కింద చెయ్యి పడ్డాక అది తనంతట తానే నేర్చుకుందని నాకు చాలా తర్వాత తెలిసింది. ఇంట్లో అందరికంటే ఆఖరున తెలుసుకున్నది నేనే.

మూడోది జన్నారం దారిలో చిన్న గుట్ట. అదేమీ చెప్పుకునేంత కాదు. నాలుగోది బోథ్ అవతల.

ఆగస్టు నెల. సుధాకర్ రెండు రోజులు సెలవు పెట్టాడు. నిర్మల్‌లో ఆడబిడ్డ ఇంట్లో పండుకొని తెల్లారి బస్సెక్కి బోథ్ దిగి, అక్కడి నుంచి ఆటోలో గుట్టల మొదలుకు చేరేసరికి పది దాటింది. నాలుగు రోజుల ముసురు ఆ పొద్దున్నే తెరిపిచ్చింది. పత్తి చేల మధ్య నల్లరేగడి బూట్లకు అరచేతి మందాన అంటుకుంటోంది. గుట్టల నడుము దాకా తెల్లని మబ్బు కూర్చుంది.

బాట మొదట్లో ఒక చేను. గట్టు మీద ఒక ముసలామె గొంగడి కప్పుకొని కూర్చుంది. చుట్టూ ఆరేడు మేకలు. ఆమె పేరు సీతాబాయి అని మాటల్లో చెప్పింది. ఆ చేను తనదేనట.

"ఎక్కడికి బేటీ, గీ మబ్బుల?"

"పైకి అవ్వా. సాయంత్రంలోపల దిగుతం."

"పైన ఏమున్నది? మాకు మేక తప్పిపోతే పోతం. మీకేం తప్పిపోయింది?"

నేను నవ్వాను. అంతలో ఒక మేకపిల్ల గట్టిగా అరిచింది. బాట పక్కనే వెచ్చగా పడుకున్న దాని కాలు సుధాకర్ తొక్కాడు. అది కుంటుతూ తల్లి దగ్గరికి పోయింది. సుధాకర్ ఆగి, తల తిప్పి, ఏది అరిచిందోనని చుట్టూ వెతుకుతున్నాడు. తర్వాత "చూడలే అవ్వా" అని, నాలుగడుగులు ముందుకు పోయి నీళ్ల సీసా మూత తీసుకుంటూ నిలబడ్డాడు.

సీతాబాయి మేకపిల్ల కాలు తడిమి చూసింది. విరగలేదు. నన్ను చెయ్యి సైగతో దగ్గరికి పిలిచింది.

"నీ పెనిమిటికి కానొస్తలేదు బేటీ."

"లేదవ్వా. దూరం బోర్డులు గూడ చదువుతడు."

"బోర్డు ముంగట ఉంటది. మేక పక్కకుండె." ఆమె గొంతు పెంచలేదు. "ముంగట నువ్వే నడుస్తున్నవా?"

"ఆఁ."

"మంచిగ నడువు మరి."

నేను ముందు నడిచాను. రాయి అన్నాను, గుంత అన్నాను. నా నోరు అది చెబుతూనే ఉంది గానీ చెవిలో ఆమె మాట తిరుగుతూ ఉంది. గంటన్నరకు గుట్ట మీది బాటకు చేరాము. ఎడమ వైపు నేల ఉన్నట్టుండి తెగిపోయింది. కింద ఎంత లోతో మబ్బు చూడనివ్వడం లేదు. ఎక్కడో అడుగున వాగు పారుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. కుడి వైపు రెండడుగుల దూరంలో చదునైన బండ.

ఎడమ అని చెప్పాలి. చెప్పలేదు.

రైన్‌కోటు విప్పి చంకలో దాచుకొని, బాట దిగి ఆ బండ మీద నిలబడ్డాను. మా చుట్టూ మబ్బు పలుచగానే ఉంది. పది గజాల దూరంలో ఉన్న చెట్టు కొమ్మలు కూడా నాకు విడివిడిగా కనిపిస్తున్నాయి. సుధాకర్ వచ్చాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా నన్ను దాటాడు. ఆగాడు. ముందుకే చూస్తున్నాడు.

"మమతా."

నేను ఊపిరి బిగబట్టాను.

"మమతా, ఎక్కడున్నవ్?"

తల ఎడమకు తిప్పాడు. ఆ వైపే ఒక అడుగు వేశాడు. బూటు కింద నుంచి రాళ్లు జారి కిందికి పోయాయి. అవి ఎక్కడ పడ్డాయో చప్పుడు రాలేదు. నేను అప్పటికే అతని అంగీ వెనుక పట్టుకున్నాను.

"ఇక్కడున్న," అన్నాను.

అతను బాట మీదే కూలబడ్డాడు. నేను అతని పక్కనే కూర్చున్నాను. నేను చేసింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అంగీ చేతికి చిక్కకపోయి ఉంటే ఆ పూట నేను ఒక్కదాన్నే దిగేదాన్ని.

"ఎంత కనబడుతది నీకు?"

అతను పిడికిలి గొట్టంలా చుట్టి కంటికి ఆనించుకున్నాడు.

"గింత. గది గూడ పొద్దటిపూట. పొద్దుగూకితే ఏం లేదు."

"ఎప్పటిసంది?"

"మూడేండ్లు. నిరుటి నుంచి ఎక్కువైంది."

"మరి మొన్న మెడికల్ చేసిన్రు గదా?"

"చార్టు మీద అక్షరాలు చదువుమన్నరు. అక్షరాలు ముంగట్నే ఉంటయి గదా."

"ఓంప్రకాశ్ అన్నకు తెలుసా?"

"నిరుడు గుట్ట మీద నా సంగతి పట్టుకుండు. దవాఖానకు పోదాం పా అన్నడు. నేను మాట్లాడుడు బంద్ చేసిన."

వాగు చప్పుడు పెరిగింది. పైన ఎక్కడో వాన పడుతున్నట్టుంది.

"మరి గీ గుట్టలెందుకు?"

అతను చేతుల్లోకి ఒక రాయి తీసుకొని, దాన్నే చూస్తూ చెప్పాడు. "మట్టి పోసే డంపు గూడ గుట్టనే గదనే. మట్టి నింపుకొని పైకెక్కాలె, రివర్స్‌ల అంచుదాక పోయి పొయ్యాలె. గీడ అంచు పొంటి నడిచుడు అలవాటైతే ఆడ గూడ నడుస్తది అనుకున్న. మెడ తిప్పుకుంట, అడుగులు లెక్కబెట్టుకుంట."

"అలవాటైందా?"

"ఇప్పుడు చూసినవ్ గదా."

నేను రైన్‌కోటు మళ్లీ తొడుక్కున్నాను. "నన్నెందుకు ముంగట నడిపిచ్చినవ్?"

"నువ్వు కానొస్తే తొవ్వ కానొచ్చినట్టే," అన్నాడు.

ఆ మాటకు ఏడవాలో, చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. దిగేటప్పుడు ఇంక దాచుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, చిన్న పిల్లవాడిలా నేను చెప్పినచోటల్లా అడుగు వేశాడు. సీతాబాయి చేను దగ్గర ఎవరూ లేరు. గట్టు మీద గొంగడి ఆనవాలు తడిలో అట్లాగే ఉంది.

నస్పూర్ వచ్చిన మరునాడు సుధాకర్ షిఫ్టుకు పోయాక వంటగదిలోకి పోయాను. అత్తమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఆయనకు పక్కలు కానొస్తలేవు అత్తమ్మా," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. కాయ తర్వాత కాయ తుంచుతూనే ఉంది. అప్పుడు నాకు తెలిసిపోయింది.

"నీకు ఎరుకేనా?"

"మా అన్న బాలమల్లు గట్లనే ఉండె," అంది. "ఇరవై ఎనిమిదేండ్లకు మొదలైంది. చేన్ల బాయి ఉండె మాకు, గోడ లేని బాయి. ఒక పొద్దుమీకి దాండ్ల పడి పానం ఇడిచిండు. తాగి పడ్డడని ఊరంత చెప్పినం. వాడు చుక్క ముట్టినోడు కాదు."

"గట్లెందుకు చెప్పిన్రు?"

"నాకప్పటికి పెండ్లి కాలే. ఇంట్ల తాగుబోతు ఉన్నడంటే ఎవరు ఏమనరు. గుడ్డితనం ఉన్నదంటే గడప తొక్కరు."

"మరి నా పెండ్లి అప్పుడు?"

"వానికి మంచిగనే ఉండె. గా రోగం మమ్మల్ని ఇడిచిపెట్టింది అనుకున్న." ఆమె చిక్కుడు ఈనెలు ఒళ్లో నుంచి దులిపింది. "నోరిప్పకు బిడ్డా. మీ మామ మగ్గం ఇడిచి గనికొచ్చి గీ బతుకు తెచ్చిండు. వాడు ఎట్లనో ఎల్లదీస్తడు. ఇప్పుడు దీన్ని ఊరంత చాటింపేస్తె క్వార్టర్ పోతది, నౌకరి పోతది. అటెన్క ఏం చేద్దువు?"

నేను నోరు విప్పలేదు. మూడు వారాలు విప్పలేదు. ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఇదే.

ఆ మూడు వారాలు ఎట్లా గడిచాయంటే, పొద్దున టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేదాన్ని. అతను షిఫ్టు బస్సు వైపు తల అటూ ఇటూ తిప్పుకుంటూ పోతుంటే తలుపు వెనుక నిలబడి చూసేదాన్ని. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ పేలినప్పుడు వంటింట్లో గిన్నెలు కదిలేవి. రోజూ కదిలేవే. ఇప్పుడు ఆ చప్పుడు తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని వింటూ కూర్చునేదాన్ని. వానలు తగ్గలేదు. గనిలో దారులన్నీ బురదే అని అతనే చెప్పేవాడు. చెప్పి, "ఇంక రెండేండ్లు చాలు మమతా" అనేవాడు. నేను సరేననేదాన్ని. వద్దనేదాన్ని. మళ్లీ సరేననేదాన్ని. ఆదివారాలు మాత్రం ఏ గుట్టకూ పోలేదు.

సెప్టెంబరులో ఒక గురువారం కూరగాయల అంగట్లో హనుమండ్లు కలిశాడు. డంపు మీద నిలబడి, వెనక్కి వచ్చే డంపర్లకు జెండా ఊపి ఎక్కడ ఆపాలో చూపించే పని అతనిది. నవ్వుతూ పలకరించాడు.

"వదినె, అన్న నిన్న నా గొడుగును అప్పడం లెక్క చేసిండు. టిఫిన్ డబ్బ గూడ."

"ఎట్ల?"

"నేను కూసునే జాగల పెట్టి మూత్రానికి పోయిన. పోయెటప్పుడు చెయ్యి గూడ ఊపిన అన్నకు. వచ్చి చూస్తె టైరు కింద ఉన్నయి." అతను మళ్లీ నవ్వాడు. "రోజు గాడనే కూసుంట నేను. వాన తగిలితే గొడుగేసుకొని."

"ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు? చూసుకోలే అన్నడు. అన్న ఈ నడుమ జర పరేషాన్‌ల ఉన్నడు వదినె, ఇంట్ల అంత మంచిదేనా?"

నా చేతిలో బీరకాయలున్నాయి. వాటిని మళ్లీ బుట్టలో పెట్టేశాను.

"నీకు పిల్లలెంతమంది హనుమండ్లూ?"

ఈ ప్రశ్న ఎందుకో అతనికి అర్థం కాలేదు. "ఇద్దరు వదినె. చిన్నోడు మొన్ననే నడుస్తుండు," అన్నాడు.

మరునాడు రుచితను అత్తమ్మకు అప్పజెప్పి, సుధాకర్ బస్సు కంటే ముందే స్కూటీ మీద గనికి పోయాను. ఆఫీసు గేటు పక్కన నిలబడ్డాను. ఏడు కావస్తుండగా బస్సు వచ్చింది. అందరూ దిగి లోపలికి పోతున్నారు. ఒకరిద్దరు నన్ను చూసి ఎవరీమె అన్నట్టు తల తిప్పారు. సుధాకర్ వచ్చాడు. నెత్తి మీద హెల్మెట్, చేతిలో నేను కట్టిన డబ్బా. నన్ను చూస్తే ఆగుతాడు, ఆగితే ఇంటికి తీసుకుపోతాను, ఇంట్లో కూర్చోబెట్టి ఇద్దరం కలిసి చెప్పడానికి పోదాం అంటాను. అదీ నేననుకున్నది. అతని మోచెయ్యి నా కొంగును రాసుకుంది. ఎవరో మనిషికి తగిలాననుకొని "జర పైలం" అని, నా దిక్కు చూడకుండానే లోపలికి పోయాడు.

నేను షిఫ్టు ఇంచార్జి సారు గదికి పోయాను. ముందు నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ ఇరవై నిమిషాల్లో లేచి పోదామని మూడుసార్లు లేచాను.

"ఎవరమ్మా?" అన్నాడు సారు.

"డంపర్ సుధాకర్ భార్యను సారు. ఆయనకు పక్కలు కానరావు. మూడేండ్ల సంది."

సారు పెన్ను కింద పెట్టాడు. "నేను ఇది ఒకసారి రాసుకుంటే మళ్ల కొట్టేయ రాదు. తెలుసా మీకు?"

"తెలుసు సారు. మీరు జల్ది ఆపిచ్చున్రి."

ఆయన వాకీటాకీ తీసుకొని డంపర్ నంబరు చెప్పాడు. ఎక్కడుంటే అక్కడ ఆపి కిందికి దిగమన్నాడు. కిటికీలోంచి గని కనిపిస్తోంది. బురద దారి మీద మట్టి నింపుకొని ఎక్కుతున్న ఒక డంపర్ మెల్లగా ఆగింది. చాలాసేపటికి డోరు తెరుచుకుంది. నిచ్చెన మీద ఒక మనిషి వెనక్కి తిరిగి దిగుతున్నాడు. ఒక్కో మెట్టును బూటు కొనతో తడిమి, దొరికాక బరువు వేస్తున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆ తడమడం నాకు కనిపించింది. దిగి, తనకంటే ఎత్తైన టైరు పక్కన చేతులు వేలాడేసుకొని నిలబడ్డాడు.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. పెద్ద దవాఖాన, పరీక్షలు, చీకటి గదిలో చుక్కల లైట్లు. మళ్లీ బండెక్కొద్దన్నారు. పక్కా తేలేదాకా స్టోర్‌లో కూర్చొని చేసే పని ఇచ్చారు. మొగుణ్ణి తీసేస్తే ఆ నౌకరి తనకిస్తారన్న ఆశతోనే చెప్పిందని కాలనీలో అన్నారు. నా మొహం మీదే అన్నారు. హనుమండ్లు కొన్నాళ్లు కంటపడలేదు. ఒక పొద్దున వచ్చి, సంచెడు మక్క కంకులు గడపలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా పోయాడు.

సుధాకర్ నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, డబ్బా కట్టిస్తే పట్టుకుపోయాడు. ముప్పై నాలుగు రోజులు. అత్తమ్మ కూడా మాట్లాడలేదు గానీ, ఇంట్లో పీటలు గోడవారకు జరపడం మాత్రం మానలేదు.

వానలు వెనక్కి పోయాక, అక్టోబరులో, హైదరాబాద్ కంటి దవాఖానకు నలుగురం పోయాము. ఇంటి మనుషులంతా రావాలన్నారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఒక తెల్ల కాగితం మీద చదరాలు, సున్నాలు గీసింది. చదరాలు మగవాళ్లట, సున్నాలు ఆడవాళ్లట. బాలమల్లు మామ చదరాన్ని పెన్నుతో మొత్తం నలుపు చేసింది. సుధాకర్ చదరాన్ని నలుపు చేసింది. అత్తమ్మ సున్నాను సగమే నలుపు చేసింది. చివర రుచిత సున్నాను కూడా సగం నలుపు చేసింది.

"పాప కళ్లకు పెద్దగా ఏమీ కాకపోవచ్చు," అంది. "తండ్రి నుంచి కూతురికి వస్తుంది, కానీ లోపలే ఉంటుంది. రేపు ఆమెకు పుట్టే మగపిల్లలకు రావచ్చు. పెద్దయ్యాక పరీక్షలున్నాయి. ఇప్పుడు కంగారు పడే పని లేదు."

ఆ కాగితం నాకే ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కరీంనగర్ దాటింది. ఒక సీట్లో నేను, రుచిత. ముందు సీట్లో అత్తమ్మ, సుధాకర్. రుచిత నా సంచిలోంచి కాగితం తీసి ఒళ్లో పరుచుకుంది.

"అమ్మా, గీ సగం నల్లగున్నది ఎవరు?"

ముందు సీట్లోంచి అత్తమ్మ వెంటనే తిరిగింది. "ఏం లేదు బిడ్డా. డాక్టరమ్మ ఉత్తగ గీసింది. లోపల పెట్టు."

నేను కాగితం అందుకున్నాను. మడతపెట్టి సంచిలో వేయడం ఎంత తేలికో నా చేతులకు తెలిసింది. ఇరవయ్యేళ్ల దాకా ఎవరూ అడగరు. అడిగేనాటికి ఏదో ఒక తాగుబోతు కథ దొరకకపోదు.

అప్పుడు సుధాకర్ వెనక్కి తిరిగాడు. నేనెక్కడున్నానో దొరికేదాకా తల మెల్లగా తిప్పాడు.

"చెప్పు," అన్నాడు. "దానికి మొత్తం చెప్పు."

ముప్పై నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను కాగితాన్ని మళ్లీ రుచిత ఒళ్లో పరిచాను.

"గది నువ్వు బిడ్డా," అన్నాను.

వేలు పెట్టి ఒక్కొక్కరినీ చూపించాను. పక్కలు కనబడకపోవడం అంటే ఏమిటో చెప్పాను. బాయి సంగతి చెప్పాను. తాగి పడలేదని చెప్పాను. ఏడేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో, తనకు రేపు కొడుకు పుడితే ముందుగా చూసుకోవాల్సింది ఏమిటో చెప్పాను. అది మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చెప్పడం అయిపోయాక, పై వరుసలో ఉన్న ఇంకో సగం నల్ల సున్నా మీద వేలు పెట్టింది.

"గిది నాయినమ్మనా?"

"ఆఁ."

"మరి నాయినమ్మకు గిట్ల ఎవరు చెప్పలేదా?"

అత్తమ్మ కిటికీ వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మంచిర్యాల వచ్చేదాకా ఆ వైపే చూస్తూ కూర్చుంది.